నాలుగు సింహపు రాళ్లు, ఒక చెంబు

ఖాళీ ఇత్తడి చెంబుతో బాలానగర్ మెట్రో స్టేషన్ మెట్లెక్కేసరికి ఉదయం ఎనిమిదిన్నర అయింది. చెంబు మా మేనత్త బాలమణి చేతిలో ఉంది. నా సంచిలో వేపమండలు, పసుపు, కుంకుమ, ఊదుబత్తులు, కొత్త పసుపు గుడ్డ, ఒక అగ్గిపెట్టె ఉన్నాయి. సంచి స్కానర్ దాటగానే సెక్యూరిటీ ఆమె అగ్గిపెట్టె తీసి పక్కనున్న డబ్బాలో వేసింది. మెట్రోలో అగ్గిపెట్టె, లైటర్ రెండూ కుదరవు. ఇలాంటి పనిమీద వెళ్లేవాళ్లు దిగాక కొనుక్కోవడం మేలు.

మేం వెళ్తున్నది హైటెక్ సిటీలోని ఒక పెద్ద హోటల్‌కి. ఆ మధ్యాహ్నం రెండింటికి అక్కడ పాత నగలు, పాత చెక్కడపు రాళ్లు వేలం వేస్తున్నారు. కొనే ఉద్దేశం మాకు లేదు, కొనే తాహతూ లేదు. ఆ రాళ్లలో ఒకదాంట్లో మా ఊరి ముత్యాలమ్మ ఉంది. అది అమ్ముడుపోయేలోగా ఆమెను చెంబులోకి పిలుచుకుని ఇంటికి తీసుకుపోవాలి.

మా ఊరు గజ్వేల్ అవతల. అక్కడి పాత గడిని దొరల వారసులు అమ్మేసుకున్నారు. విప్పిన స్తంభాలు, గడపలు, రాతి కిటికీలు వేలం కంపెనీకి ఇచ్చారు. గడి ప్రహరీ బయట మంటపపు రాయి ఒకటి సగం మట్టిలో కూరుకుని ఉండేది. మా వాడ ఆడవాళ్లు తరాలుగా దానికి నూనె, పసుపు పట్టించి, వెండి కళ్లు అతికించి అమ్మవారిగా కొలిచారు. కాగితాల ప్రకారం అది గడి రాయే కాబట్టి వాదించడానికేమీ లేదు. డీసీఎం వ్యాన్ వచ్చి దాన్ని ఎత్తుకుపోయిన పూట అత్త పత్తి చేనులో ఉంది. ప్రతి శుక్రవారం పసుపు పట్టించేది ఆమే. సాయంత్రం ఇంటికొచ్చి వాడ మొత్తాన్నీ తిట్టింది.

"రాయి వాళ్లది, పోతే పోయింది. అమ్మను ఎట్ల పోనిచ్చిన్రు?"

గుళ్లలో విగ్రహాన్ని కదిపే ముందు పూజారులు కళాకర్షణ చేసి శక్తిని కలశంలోకి తీసుకుంటారు. మా వాడలో ఆ పనిని ఆడవాళ్లే చెంబుతో, వేపమండతో చేసుకుంటారు. పొలిమేరలో గద్దె కట్టి, కొత్త రాయి తెచ్చి పెట్టారు. ఆదివారం నిలబెట్టాలి. పాత రాయిలోంచి అమ్మ రాకపోతే కొత్తది ఉత్త బండే.

నేను బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో డైలకు, అంటే ఇనుప అచ్చులకు, డ్రాయింగ్‌లు గీస్తాను. వేలం కంపెనీ కేటలాగ్ ఫోన్లో వెతికి రాయి ఎక్కడుందో కనిపెట్టింది నేనే. అందువల్ల తోడు వెళ్లడమూ నామీదే పడింది. ముత్యాలమ్మ మీద నాకెంత నమ్మకముందో నాకే సరిగ్గా తెలియదు. వేలం రెండింటికని మాత్రం గట్టిగా తెలుసు. ముందురోజు సాయంత్రం అత్త నా గదికి వచ్చినప్పటి నుంచి నాకు కుదురు లేదు.

అమీర్‌పేటలో రైలు మారాలి. రాయదుర్గం వైపు వెళ్లేది ఆ వేళకి ఆఫీసు జనంతో కిక్కిరిసి ఉంటుంది. మెళ్లో గుర్తింపు కార్డు వేసుకున్న ఒకమ్మాయి లేచి అత్తకు సీటిచ్చింది.

"ఆ చెంబులో ఏముందండీ, అంత జాగ్రత్తగా పట్టుకున్నారు?"

"ఇప్పటికైతే ఏం లేదు బిడ్డా" అంది అత్త.

నేను తలుపు దగ్గర నిలబడి ప్రతి స్టేషన్‌కీ టైం చూసుకుంటున్నాను.

హైటెక్ సిటీ స్టేషన్‌లో తొమ్మిదిన్నరకు దిగాం. కింద బండి మీద ఇడ్లీ తిన్నాం. అల్లం చట్నీ బాగుంది, పల్లీ చట్నీ నీళ్లు. పక్క పాన్‌డబ్బాలో అగ్గిపెట్టె కొన్నాను. అక్కడి నుంచి హోటల్‌కి నడిచి వెళ్లొచ్చు కానీ ఫుట్‌పాత్ సగం దూరమే ఉంది. మిగతా సగం కార్ల పక్కనుంచి ఒరుసుకుంటూ పోవాలి. అత్త అద్దాల మేడల వైపు తలెత్తలేదు, చెంబుకు ఎవరి మోచేయీ తగలకుండా చూసుకుంటూ నడిచింది.

వేలం పాటలు చూడని వాళ్లకి ఒక మాట. పాట పాడాలంటే ముందు డిపాజిట్ కట్టాలి. కేవలం చూడ్డానికైతే ఆధార్ చూపించి పేరు రాయించుకుంటే చాలు. మధ్యాహ్నం ఒంటిగంట వరకు చూడనిస్తారు. సంచులు కౌంటర్‌లో ఇవ్వాలి. అక్కడి అబ్బాయి అత్త చెంబును చూసి లేచి నిలబడ్డాడు.

"పాత వస్తువులకి విలువ కట్టడం ఇవాళ లేదండి. మంగళవారం తీసుకురండి."

"అమ్మనీకి తేలే నాయినా" అంది అత్త. అతడు ఆమెనీ, చెంబునీ మార్చి మార్చి చూసి లోపలికి ఫోన్ చేశాడు.

లోపలి నుంచి ప్రవల్లిక అనే అమ్మాయి వచ్చింది. ఆ హాలు బాధ్యత ఆమెది. మాట కాకినాడ వైపుది. నేను విషయం వరసగా చెప్పాను: రాయి మీది, మాకు అక్కర్లేదు, దాని ముందు పది నిమిషాలు కావాలి, కొన్ని నీళ్లు కావాలి.

"వస్తువుల్ని ముట్టుకోనివ్వరండి. నీళ్లు అస్సలు కుదరదు. పొగ వస్తే పైన అలారం మోగుతుంది" అంది. అత్త ముఖం చూసి, "పైవాళ్లని అడుగుతాను. ఈలోగా చూస్తూ ఉండండి" అని వెళ్లింది.

మొదటి గదిలో నగలున్నాయి. గాజు పెట్టెల్లో నల్ల గుడ్డమీద కాసుల పేర్లు, కంటెలు, నాగవంకీలు, గుట్టపూసల హారాలు, జడబిళ్లలు, వజ్రాలు ఊడిన ఒక వడ్డాణం. ప్రతిదానికీ బరువు, కాలం, రాళ్ల రకం రాసి ఉన్నాయి. నేను చదువుతుంటే అత్త గాజుకి ముక్కు ఆనించి చూసింది.

"గీ కంటె లోపలి దిక్కు జూడు, ఎట్ల అరిగిందో. రోజూ పెట్టుకున్నదిరా ఆమె. పండుగకి దాసుకున్నది గాదు."

కార్డు మీద ఆ మాట లేదు. చూడ్డానికి వచ్చినవాళ్లు పాతిక మందికి మించరు. భూతద్దంతో చూసే వ్యాపారులు కొందరు, కూతురి పెళ్లికని వచ్చిన ఒక జంట. ఎవరూ పైకి మాట్లాడటం లేదు. నేను గది చుట్టూ మూడోసారి తిరుగుతుంటే అత్త చెయ్యి పట్టి ఆపింది. "ఒక్కకాడ నిలవవేందిరా? నీకేమన్న దూప అయితున్నదా, నీళ్లు తాగుతవా?"

రెండో హాలులో రాళ్లు. పూల చెక్కడపు ద్వారబంధం, నాలుగు రాతి జాలీలు, గుర్రాలు నీళ్లు తాగే తొట్టి. చివర్లో దీపాల వెలుగులో, ఒకే వరసలో నాలుగు సింహాలు. స్తంభాల అడుగున వేసే పీటలవి. కేటలాగ్‌లో పసుపు రంగు ముద్దగా ఉన్న ఒక్క రాయి ఫొటోనే నేను చూశాను. పేజీ కిందకి జరిపి ఉంటే మిగతా మూడూ కనబడేవి. అత్త దగ్గరికి వెళ్లి, వంగి చూసి, వెనక్కి తిరిగింది.

"వేణూ, గిదేందిరా? మీసాలున్నయి!"

ఫొటోలు తీశాక రాళ్లన్నిటినీ ఏదో మందుతో కడిగేశారు. నూనె, పసుపు, వెండి కళ్లు అన్నీ పోయాయి. తరాలుగా ఎవరూ చూడని అసలు ముఖం బయటపడింది. కోరలూ, ముడుచుకున్న ముక్కూ, మెలితిరిగిన మీసాలూ ఉన్న సింహం. గడిలోపల ఉన్న మిగతా మూడూ అచ్చం అలాంటివే. ఈ నాలుగింట్లో ముత్యాలమ్మ ఏదో అత్తకి తెలియలేదు. ఒక్కొక్క దాని ముందూ నిలబడి, మళ్లీ మొదటిదాని దగ్గరికి వచ్చింది. ఆమె ముఖం చూడలేక నేను ఫోన్ తీశాను.

నాకు తెలిసిన పద్ధతి ఒకటే. ఎండావానల్లో ఉన్న రాయి ఎక్కువ అరగాలి. సగం పాతిన రాయికి కింది సగం గరుకు మిగలాలి. ఫోన్ వెలుగు అడ్డంగా వేసి నాలుగింటినీ చూశాను. రెండోదానికి చెవి అరిగింది, నాలుగోదానికి కోర అరిగింది. కింది సగం నాలుగింటికీ ఒకేలా నున్నగా ఉంది, మళ్లీ సానబెట్టారు కాబోలు. అప్పటికి పదకొండున్నర. ప్రవల్లిక తిరిగి రాలేదు.

"ఏం పెద్దమ్మా, ఏం ఎతుకుతున్నరు?"

తెల్ల చొక్కా, మెళ్లో లావుపాటి గొలుసు, చేతిలో పాట పాడేవాళ్లకి ఇచ్చే నంబరు చీటీ. పేరు జంగయ్య అనీ, గోపన్‌పల్లిలో విల్లాలు కడుతున్నాననీ చెప్పాడు. ఈ నాలుగు సింహాలూ తన గేటు కోసం పాడుదామని వచ్చాడట. అత్త ఏదీ దాచకుండా చెప్పేసింది. వింటున్న కొద్దీ ఆయన చెయ్యి రాయి మీద నుంచి వెనక్కి జరిగింది.

"అంటే... అమ్మ ఇంకా అందుల్నే ఉన్నదా?"

"నేను పిలువనే లేదాయె. యాడికి పోతది?"

"ఓ పెద్దమ్మా! పసుపు కుంకుమలు అందుకున్న రాయిని గేటు కాడ పెట్టుకుంటే, రోజూ దానిపక్క నుంచి చెప్పులేసుకొని తిరుగుడేనా? కొనెటోళ్లకి తెలిస్తే ఒక్క విల్లా గూడ పోదు. జర తీసుకపో తల్లీ. ఏం గావాలె చెప్పు."

"నీళ్లు పోయనీయరంట."

"ఎవరు పోయనీయరు?" అని ఆయన హాలు అదిరేలా ప్రవల్లికను పిలిచాడు. ఆమె పరుగెత్తుకొచ్చింది. అమ్మవారిని తీయకుంటే తాను పాట పాడనని జంగయ్య, తడి తగిలితే ఆ రాళ్ల మీద పూసిన పూత చెడుతుందని ప్రవల్లిక. ఇద్దరి మధ్యా నేను నా లెక్క చెప్పాను. రాయి మీద చుక్క కూడా పడక్కర్లేదు, నీళ్లు చెంబులోనే ఉంటాయి, వేపమండ రాయికి ఎదురుగా ఊపితే చాలు, వెలిగించేది ఏమీ లేదు. ప్రవల్లిక ఫోన్ పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లి చాలాసేపు మాట్లాడింది. తిరిగొచ్చేసరికి పన్నెండున్నర దాటింది.

"ఒంటిగంటకి హాలు మూసేస్తామండి. ఆ లోపు కానిచ్చేయండి. కింద నేను గుడ్డ పరుస్తాను."

జంగయ్య తన నీళ్ల సీసా మూత తీయబోయాడు. "ఎంగిలిదా?" అంది అత్త. ఆయన గతుక్కుమని వెళ్లి కొత్త సీసా తెచ్చాడు. నేను కౌంటర్ నుంచి సంచి తెచ్చాను.

చెంబులో నీళ్లు పోసి, పసుపు కలిపి, వేపమండ పెట్టాక ఆమె ఆగింది. అందరం ఆమె వైపే చూస్తున్నాం.

"ఏ రాయి పెద్దమ్మా?" అన్నాడు జంగయ్య మెల్లగా. "తప్పు దాన్ని పిలిస్తే అసలుది నా గేటు కాడ మిగులుతది."

నా లెక్క ప్రకారం రెండోది కావచ్చు, లేదా నాలుగోది. ఆ మాటే చెప్పాను. చెబుతుంటే నాకే సిగ్గేసింది.

అత్త కొంగు నడుముకు చెక్కుకుంది. "నాలుగిండ్ల ముంగట నిలవడి పిలుస్త. మనిషి ఏ ఇంట్ల ఉంటే ఆ ఇంట్ల నుంచి పలుకుతది. పిలిచెటోళ్ల గొంతు తెల్వదా ఆమెకు?"

మొదటి సింహం ముందు కూర్చుని చెంబు ఒళ్లో పెట్టుకుంది. మంత్రం లేదు, పాట లేదు. అలిగి పుట్టింటికి వెళ్లిన కోడలిని తీసుకురావడానికి పోయినదానిలా మాట్లాడింది. "అమ్మా, బాలమణిని. చేన్ల ఉంటి, నువ్వు పోయింది నాకెరుక లేదు. ఎవలో కడిగి, బట్టలిప్పి నిన్ను దీపాల కింద కూసోవెట్టిన్రు. లెవ్వు. గద్దె కట్టినం, మనింటికి పోదాం." వేపమండతో గాలిని రాయి వైపు నుంచి చెంబులోకి తోసింది. లేచి రెండోదాని ముందు కూర్చుంది. మళ్లీ అవే మాటలు, అంతే ఓపికగా. మూడోదాని దగ్గర ఆమె గొంతు బొంగురుపోయింది. నాలుగోదాని దగ్గర జంగయ్య చెప్పులు విడిచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ప్రవల్లిక గోడ గడియారం వైపు చూడటం మానేసింది.

నాకేమీ కనబడలేదు. నీళ్లు కదలలేదు, దీపాలు మిణుకుమనలేదు. అత్త చెంబు మీద పసుపు గుడ్డ కట్టి, "ఇగ పోదాం పా" అంది. తలుపు దగ్గర జంగయ్య వైపు తిరిగి, "రాళ్లు నీయి, అమ్మ మాది. గేటు మంచిగ కట్టుకో కొడుకా" అంది. ఆయన దండం పెట్టాడు.

పాట చూడ్డానికి ఆగలేదు. అమ్మ ఉన్న చెంబు నేల మీద ఆనకూడదు. మధ్యలో ఎక్కడా కూర్చుని అన్నం తినే వీల్లేదు. తిరుగు ప్రయాణంలో అసలు కష్టం ఇదే. స్టేషన్‌లో చెంబును స్కానర్ పట్టీ మీద పెట్టమన్నారు. "చెప్పుల సంచులు పోయే దాని మీదనా?" అని అత్త కదల్లేదు. వెనకాల వరస పెరిగింది. సెక్యూరిటీ ఆమె గుడ్డ అంచు ఎత్తి వేపమండ చూసి, వెంటనే కప్పేసి, "పోండ్రి పోండ్రి" అంది.

పరేడ్ గ్రౌండ్స్ వరకు ఒకే రైలు. చెంబు మధ్యలో నా చేతికి వచ్చింది. ఇత్తడి చల్లగా, బరువుగా ఉంది. మనసు మాత్రం ఊరుకోలేదు. అరిగిన చెవా, అరిగిన కోరా?

"అత్తా, ఏ రాయిల నుంచి వచ్చింది?"

"వచ్చింది గద. ఇంటి నంబర్‌తోని నీకేం పని?"

జూబ్లీ బస్‌స్టేషన్‌లో సిద్దిపేట వైపు బస్సు మూడింటికి దొరికింది. ముందు వైపు ముగ్గురు కూర్చునే సీటు ఖాళీగా ఉంది. అత్త కిటికీ పక్కన, నేను ఇవతల కూర్చున్నాం. మధ్యలో నా సంచి పరిచి, దానిమీద చెంబు పెట్టి ఇద్దరం చెరోవైపు పట్టుకున్నాం. అత్త కళ్లు అప్పుడే మూతలు పడుతున్నాయి. ఆమె చెయ్యి జారితే పూర్తిగా నేనే పట్టుకోవాలి, అందుకని నేను నిద్రపోలేదు. ఊరు చేరేదాకా ఈ నీళ్లు ఒలకకూడదు అన్న ఒక్క ఆలోచనే మిగిలింది. ఆ రోజులో మొదటిసారి నేను ఫోన్ తీసి టైం చూడలేదు.

అల్వాల్ దాటాక కండక్టర్ వచ్చాడు.

"ఎంతమందే?"

చెంబు వైపు ఒకసారి చూసుకున్నాను.

"ముగ్గురం" అన్నాను.

ఆయన సీటు వైపు చూశాడు, అత్తను చూశాడు, పసుపు గుడ్డను చూశాడు. మిషన్ చంకలో పెట్టుకుని, చెంబుకు చేతులు జోడించి కళ్లకు అద్దుకుని, మళ్లీ మిషన్ తీసి నాకు ఒక్కడికే టికెట్ కొట్టాడు.

"ఆడోళ్లిద్దరికీ ఫ్రీనే. చెంబు జర గట్టిగ పట్టుకో తమ్మీ, ముంగట రోడ్డు బాగలేదు."