స్నేహలత అక్క పసుపు బుట్ట

మాక్లూర్‌లో మా పక్కిల్లే స్నేహలత అక్కది. ఇరవై ఆరేళ్ళు. వాళ్ళ బాపు పోశన్న మోకాళ్ళ నొప్పులతో మంచం పట్టినప్పటి నుంచి ఎకరం పసుపు సేద్యం ఆమెదే. ఉడుకుతున్న పసుపు కొమ్మును పుల్లతో గుచ్చి, ఉడికింది చాలా, ఇంకా ఉడకాలా ఇట్టే చెప్పేస్తుంది. ఆమె పసుపులో రంగు కలపదన్న పేరు రావడానికి నాలుగేళ్ళు పట్టింది. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన నేను ఆమె దగ్గరే ఈ పని నేర్చుకున్నాను.

మార్చిలో నిజామాబాద్‌లో జరిగిన యువజన సమ్మేళనంలో యువ రైతుల పోటీకి అక్క తన పేరు ఇచ్చింది. కొమ్ములు ఏరి బుట్టలో సర్దే పని నాకు చెప్పింది. అమ్మడానికి మార్కెట్ యార్డుకు తీసుకుపోయే ముందు మా దగ్గర చాలామంది కొమ్ముల మీద కాస్త పసుపు పొడి చల్లి, గోనెసంచిలో దొర్లిస్తారు. మెరుపు వస్తుంది. నేనూ అలాగే చేశాను. అక్కకు చెప్పాలని తోచలేదు.

హాలు నిండా జనం. ముందు వరుసలో పసుపు వ్యాపారులు. న్యాయనిర్ణేత రవీందర్ సార్ ఒక కొమ్ము తీసి తెల్ల రుమాలుతో రుద్దారు. రుమాలు పచ్చబడింది.

"ఏమ్మా, రంగు పట్టిచ్చినవా?"

"లేదు సార్. మా పసుపుకు రంగెందుకు?"

"మరి గిదేంది?"

అక్క వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"నాలుగేండ్ల సంది రంగు లేదు, రంగు లేదని ఒకటే పాట," అన్నాడు ఒక వ్యాపారి పక్కవాడితో. "సోమవారం యార్డుకు రానీ, ధర అప్పుడు జెప్త."

నేను నోరు విప్పకపోతే అక్క దొంగ అవుతుంది.

"సార్, నేనే..."

"గట్టిగ చెప్పు బిడ్డా." ఎవరో మైకు నా చేతిలో పెట్టారు.

"పొడి నేను చల్లిన. అక్కకు ఎరుక లేదు. ఇంట్ల పసుపు పొడే సార్." నా ఊపిరి చప్పుడు హాలంతా వినిపించింది.

"అంగడికి తెచ్చినట్టే తెచ్చింది పిల్ల," అన్నారెవరో. నవ్వులు.

సార్ గాజు గ్లాసులో నీళ్ళు పోసి రెండు కొమ్ములు వేశారు. అసలు పొడి అడుక్కి దిగుతుందట, రంగైతే నీళ్ళన్నీ పట్టేస్తుందట. అప్పుడు గుర్తొచ్చింది. మా ఇంటి పొడి అయిపోతే అవ్వ కిరాణా కొట్టులో పొట్లం కొంటుంది. దాంట్లో రంగు కలిసి ఉండొచ్చు. నేను చల్లిన డబ్బాలో ఉన్నది ఏది? నీళ్ళు పచ్చబడ్డాయి. అక్క గ్లాసునే చూస్తోంది. నేను చూడలేక నేల చూశాను.

చాలాసేపటికి సార్ గ్లాసు పైకెత్తారు. పొడి అడుక్కి చేరింది. పైన నీళ్ళు దాదాపు తేటగా ఉన్నాయి.

"రంగు లేదు," అని మైకులో అన్నారు. "కాని పొడి పూసిన సరుకు పోటీకి పనికిరాదమ్మా." అక్క పేరు కొట్టేశారు.

మాక్లూర్‌లో బస్సు దిగాక అక్క అంది, "సోమవారం యార్డుకు నువ్వు గుడ రావాలె. సంచులకు పొడి చల్లకు. ఎవరన్న గీ సంగతి అడిగితే నువ్వే జెప్పాలె, నేను జెప్తే ఎవరు నమ్మరు."

సరేనన్నాను. సోమవారానికి ఇంకా మూడు రోజులున్నాయి. అప్పుడే ఆ మాటలు లోపల చెప్పుకోవడం మొదలుపెట్టాను: పొడి నేను చల్లిన, అక్కకు ఎరుక లేదు.