ఎడమ చెవి వెనక

దయ్యాలూ మహిమలూ అంటూ ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్ళుమంట. నర్సుని. ఫైల్లో లేనిది నమ్మను. అందుకే ఈ సంగతి చెప్పాలంటే నామోషీగా ఉంది. అంతకు మించి కోపంగా ఉంది.

తొంభైల మొదట్లో, సిడ్నీలో నేను పనిచేసే ఆసుపత్రిలోనే మా బాబు పుట్టాడు. నాకు పూర్తిగా మత్తిచ్చారు. మా ఆయన్ని బయటే ఉంచారు. ఫైల్లో రాసింది ఒక్కటే: సిజేరియన్, ఇబ్బందులేమీ లేవు.

మూడు నెలలు వాడు గుక్కపట్టి ఏడ్చాడు. తలమీంచి చొక్కా తొడిగితే చాలు, నీలంగా అయిపోయేవాడు. డాక్టర్లు గ్యాస్ అన్నారు. నేనూ గ్యాస్ మందే పోశాను.

గుంటూరు నుంచి పురుటికి వచ్చిన అమ్మ, బాత్రూంలో కాళ్ళు చాపుకుని కూర్చుని, కాళ్ళమీద వాణ్ణి పడుకోబెట్టి నూనె రాసి తల ఒత్తేది. "ఎడమ చెవెనక సొట్టుందే వీడికి. అక్కడ చెయ్యేస్తే అదిరిపడుతున్నాడు," అంది ఒకరోజు.

"నర్సు నేనా, నువ్వా? ముందా తల ఒత్తడం మానెయ్," అని కసిరాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

పక్కింటావిడ పోరు పడలేక చివరికి ఒక ఆస్టియోపతీ ఆవిడ దగ్గరికి వెళ్ళాను. మందుల్లేకుండా చేతులతోనే చేసే వైద్యం. పుట్టేటప్పుడు పడ్డ దెబ్బని ఒళ్ళు మరిచిపోదని, అదే తర్వాత భయంగా, ఏడుపుగా బయటపడుతుందని ఆవిడ అంటుంది. కోతలనుకున్నాను. సిజేరియన్ అనీ, అది నేను పనిచేసే ఆసుపత్రేననీ తప్ప ఇంకేమీ చెప్పలేదు.

ఆవిడ కళ్ళు మూసుకుని బాబు తలకింద వేళ్ళు పెట్టింది. తిన్నగా ఎడమ చెవి వెనకే ఆగింది. "కొయ్యకముందు ఫోర్‌సెప్స్‌తో తల పట్టి లాగారు. రెండుసార్లు. రెండోసారి జారింది," అంది. వేళ్ళు తియ్యకుండానే, "గదిలో ఎవరో అరిచారు. ఒకామె ఏడ్చింది," అంది.

బాబు ఆవులించి నిద్రపోయాడు. నేను ఆవిణ్ణి మోసగత్తె అని తిట్టి వచ్చేశాను. ఆ సాయంత్రం చొక్కా తొడిగితే వాడు ఏడవలేదు.

మర్నాడు, కాన్పుకి దగ్గరున్న మిడ్‌వైఫ్‌ని, ఫోర్‌సెప్స్ వేశారా అని నిలదీశాను. రోజూ నాతో టీ తాగే మనిషి. వెళ్ళి తలుపు మూసి వచ్చింది. "నిజమే, రెండుసార్లు వేశారు. రెండోసారి జారింది. పెద్ద డాక్టర్ నామీద అరిచాడు, ఏడ్చేశాను. ఫైల్లో రాయొద్దన్నారు," అంది.

సొట్ట వేలికి తగిలిందంటే ఒప్పుకుంటాను. అరుపులూ ఏడుపూ తగులుతాయా? వెళ్ళి ఆ ఆస్టియోపతీ ఆవిణ్ణే అడిగాను.

"చేతికి అందింది చెప్పాను. ఎలాగో నాకూ తెలీదు," అంది. తర్వాత నావైపు జాలిగా చూసి, "అక్కడే పనిచేస్తారు కదా, మీకెవరూ చెప్పలేదా?" అంది.

ఆవిడకెలా తెలిసిందో ఈరోజుకీ నేను చెప్పలేను. మా ఆసుపత్రివాళ్ళు నాకెందుకు చెప్పలేదో మాత్రం బాగా తెలుసు.