గుర్రం పోయిందన్నారు

నాన్నకి నడుం పట్టేసిందని ఊరందరికీ తెలుసు, నాన్నకి తప్ప. మంచం దిగడానికి పావుగంట పట్టేది. ఏమైందంటే "ఆలోసిత్తన్నాను" అనేవాడు. అలాంటి మనిషి ఒకరోజు, మా ముసలి జట్కా గుర్రాన్ని రాంబిల్లిలో ఉన్న మామయ్యకి, అంటే అమ్మ తమ్ముడికి, ఇచ్చేస్తానన్నాడు. ఎందుకయ్యా అంటే సముద్రపు గాలి దానికి మంచిదట! గుర్రానికి గాలి మార్పేమిటి, మనమేమైనా జమీందార్లమా?

ఆటోలొచ్చాక అనకాపల్లి బజారుకి జట్కాలో వెళ్లేవాళ్లే లేరు. బండి పాకలో మూల పడింది. గుర్రం చెరకు తోట గట్ల మీద ఊరికే తిరిగేది. దాని పళ్లరిగిపోతే నాన్నే గడ్డి సన్నగా నరికి, తౌడు నానబెట్టి తినిపించేవాడు. ఆ పని మమ్మల్నెవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

మామయ్య వచ్చి దాని తాడు పట్టుకున్న రోజు నాన్న కనబడలేదు. తోటకి నీళ్లు పెడుతున్నాడట. పొద్దుట్నించీ కరెంటే లేదు, మోటారు ఎలా తిరిగిందో దేవుడికెరుక.

నాలుగో రోజు మామయ్య ఫోన్ చేశాడు. నాన్నే ఎత్తాడు.

"బావా, గుర్రం పోయింది బావా!"

నాన్న ఫోన్ పెట్టేసి, తిన్నగా నూతి దగ్గరికెళ్లి నెత్తిన నీళ్లు పోసుకున్నాడు. తడిబట్టలతో అరుగు మీద కూలబడి భోరున ఏడ్చాడు. "సంపేసుకున్నాను! నా సేతుల్తో నేనే సంపేసుకున్నాను!" అమ్మ సీరియల్ మధ్యలో టీవీ కట్టేసింది. మా నాయనమ్మ పోయిన కబురొచ్చినప్పుడు కూడా ప్రకటనలొచ్చేదాకా ఆగిన మనిషి.

పొద్దు వాలేవేళ గేటు చప్పుడైంది. చూస్తే గుర్రం! మెడలో తెగిన తాడు వేలాడుతోంది. ఏళ్ల తరబడి మమ్మల్ని రాంబిల్లికి తిప్పిన జీవానికి దారి ఒకరు చెప్పాలా?

"దెయ్యమే!" అని అమ్మ కేక పెట్టింది.

అది తిన్నగా వెళ్లి తొట్టిలో మూతి పెట్టింది. దెయ్యాలు తౌడు తింటాయా? మేం నోరు తెరుచుకుని చూస్తుండగానే మామయ్య మోటారు సైకిలేసుకుని వచ్చాడు.

"దొరికిందా బావా! రెండ్రోజుల్నించి ఎతుకుతున్నాను!"

"పోయిందన్నావు గదరా!"

"పోయిందనే అన్నాను. సచ్చిపోయిందన్నానేటి?"

"తప్పిపోయిందనడానికేటి రోగం నీకు? తల మీద నీళ్లోసుకున్నాన్రా నేను!"

అమ్మా నేనూ కడుపు చెక్కలయ్యేలా నవ్వాం. నాన్న నవ్వలేదు. గుర్రానికి నీళ్లు పెడదామని బకెట్టు ఎత్తబోయి, మధ్యలో వదిలేసి గోడ పట్టుకున్నాడు. చివరికి మామయ్యే పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే మామయ్య మోటారు సైకిలు మా పాకలోనే వదిలేసి, మళ్లీ దాన్ని తీసుకుని బయల్దేరాడు. ఈసారి నాన్న దాని మెడ మీద చెయ్యేసుకుని రోడ్డు దాకా నడిచాడు. వెనకాలే నేను. రోడ్డెక్కే ముందు దాని మెడకి నుదురానించి అన్నాడు:

"నాకు సేతకావట్లేదమ్మా. నీ బకెట్టు ఎత్తలేకపోతన్నాను. అందుకే పంపేత్తన్నాను. నీ మీద కోపం కాదు. మళ్లీ రాకు తల్లీ."

డాక్టరు దగ్గరా, అమ్మ దగ్గరా, నా దగ్గరా ఒక్కనాడూ ఒప్పుకోని మాట అది. నాకు ఏడుపు ఆగలేదు.

తర్వాత వారం రోజులూ ముగ్గురం గేటు వైపే చూశాం. రావద్దంటే మాత్రం నిజంగానే రాకుండా ఉండిపోతుందా, మొండిది!