షికాగోలో తువ్వాల మర్యాద

షికాగో పోలీసు చేతికి చిక్కిన మొట్టమొదటి సిరిసిల్లవాణ్ణి నేనేనని నా గట్టి నమ్మకం. దొంగతనం చేయలేదు, తాగి గొడవ చేయలేదు, ఎవరి పిల్లనూ చూసి ఈల వేయలేదు. మర్యాద చేశాను. కాస్త ఎక్కువ చేశాను. ఆ ఘోరం వినే ఓపిక మీకుంటే చెప్తాను, లేకపోయినా చెప్తాను.

అరవైల నడుమ మాట. మగ్గాల పనిలో కొత్త యంత్రాల సంగతి నేర్చుకు రమ్మని కొందరు కుర్రవాళ్ళను అమెరికా పంపారు. వాళ్ళలో కరీంనగర్ జిల్లా నుంచి నేను, ఆదిలాబాద్ జిల్లా నుంచి విఠల్. చదువు ముగిసింది, తిరుగు ప్రయాణానికి ఇంకా కొన్ని వారాలున్నాయి. ఎన్ని ఊళ్ళయినా తిరగనిచ్చే బస్సు పాసులు కొనుక్కొని, వీపున సంచులు తగిలించుకొని బయలుదేరాం. ఒప్పందం ప్రకారం ఇంగ్లీషు మాట్లాడడం నా వంతు, బస్సుల వేళలు చూసుకోవడం విఠల్ వంతు.

నా సంచి గురించి చెప్పాలి. అమెరికా పిల్లల వీపు సంచులు జేబులతో, పట్టీలతో ముచ్చటగా ఉండేవి. నాది మా బాపు నేసిన మందపాటి దుప్పటి. దాన్నే మూటలా కుట్టి రెండు పట్టీలు వేశాడు. దాని నిండా మా అవ్వ, అంటే అమ్మ, సర్దిన ఎర్రంచు తువ్వాలలు. "ఎవలింటికి వోయినా ఉత్త చేతులతోని పోకు బిడ్డా" అని మరీ మరీ చెప్పి సర్దింది. అమెరికాలో ఎన్ని ఇళ్ళున్నాయో ఆమెకు తెలియదు గనుక ఇంటికొకటి వచ్చేట్టే సర్దినట్టుంది. విఠల్ నా వెనక నడుస్తూ "రాజేశం, నువ్వు ఊర్లు చూడొచ్చినవా, అంగడికి వోతున్నవా" అనేవాడు.

న్యూయార్క్‌లో మేడల కొసలు చూసీ చూసీ మెడ పట్టేసింది. విఠల్ ఒక్కో మేడ ముందు ఆగి "గంత మీదికి నీళ్ళెట్ల ఎక్కిస్తరు రే" అని పరేషాన్ అయ్యేవాడు. ఒక పెద్ద దుకాణంలో కదిలే మెట్లు చూసి, అలవాటు కొద్దీ చెప్పులు విడిచి ఎక్కాను. నేను పైకి పోయాను, చెప్పులు కింద ఉండిపోయాయి. ఫిలడెల్ఫియాలో దారి అడిగితే ఒకాయన రెండు ముక్కల్లో చెప్పి వెళ్ళిపోయాడు. అదే మన దగ్గరైతే సగం దూరం వెంట వచ్చి, మధ్యలో చాయ తాగించి, చివరికి తనూ దారి తప్పేవాడు.

ఇలా ఆడుతూ పాడుతూ షికాగో చేరేసరికి మంచు మొదలైంది. అక్కడ మాకు యంత్రాల చదువు చెప్పిన పంతులు గారి అక్క మిసెస్ బెన్సన్ అని ఒక పెద్దావిడ. "సాయంత్రం నేరుగా ఇంటికి వచ్చేయండి, వంట చేసి పెడతాను" అని ఫోన్లో చెప్పింది. మమ్మల్ని ఎప్పుడూ చూసింది లేదు. హోటల్లో దిగే స్తోమత మాకు లేదు, ఆ ఊళ్ళో తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేరు. ఆ తలుపు తెరుచుకుంటే వేడి అన్నం, లేదంటే మంచులో బస్‌స్టాండు బెంచీ. అంతే లెక్క.

చలికి ఇద్దరం మంకీ క్యాపులు పెట్టి, పైన మఫ్లర్లు చుట్టాం. కళ్ళు తప్ప ఏమీ కనిపించవు. ఆ వేషంతోనే తలుపు కొట్టాను.

ఇక్కడ మా సిరిసిల్ల పద్ధతి కొంచెం వినాలి. గడప దగ్గరికి వచ్చినవాడు గబుక్కున తన పేరు తాను చెప్పుకోడు. ఇంటి పెద్దలు "ఎవల పిల్లగానివి బిడ్డా" అని అడగాలి, అప్పుడు చెప్పాలి. రెండోది, తెచ్చినదాన్ని ఇంటివాళ్ళు మొదట వద్దంటారు. వద్దన్నారని ఊరుకుంటే మనకు పెంపకం లేదని అర్థం. చేతిలో పెట్టి తీరాలి.

తలుపు బెత్తెడు తెరుచుకుంది. అడ్డంగా గొలుసు. నేను వంగి, రెండు చేతులతో తువ్వాల ఆ సందులోకి చాచి, తియ్యగా నవ్వాను. నవ్వు మఫ్లర్ లోపలే ఉండిపోయింది.

"మాకేం వద్దు నాయనా" అని తలుపు వేసేసింది. అన్నది ఇంగ్లీషులోనే, నేను మన మాటలో చెప్తున్నాను.

నాకు ప్రాణం లేచివచ్చింది. "చూసినవా విఠల్, అచ్చం మనోళ్ళ లెక్కనే. మొదాలు వద్దంటున్నది."

"నక్కో రే, ఇగ వద్దు. తలుపు పెట్టుకున్నది."

"గట్లనే పెట్టుకుంటరు. మల్ల ఇయ్యకపోతె మనకే ఇజ్జత్ లేదంటరు."

మళ్ళీ కొట్టాను. "వద్దని చెప్పిన గదా" అంది.

"మీరు గట్ల అనద్దు తల్లీ. తీస్కోవాలె."

"నేను కొన." తలుపు మళ్ళీ పడింది.

"కొననంటున్నది రే" అన్నాడు విఠల్.

"ఉత్తగ తీస్కునుడు ఇష్టం లేక అంటున్నది. ఎంత పౌరుషం గల్ల మనిషో చూడు."

"జర నీ పేరు చెప్పరాదు."

"ఆమె అడగకముందే చెప్తనా? మా బాపు పరువేం గావాలె?"

తలుపుకు ఉత్తరాలు వేసే సందు ఒకటి కనబడింది. తువ్వాలను అందులోంచి లోపలికి తోశాను. లోపలి నుంచి ఆమె బయటికి తోసింది. నేను మళ్ళీ తోశాను. కాసేపు ఆ తువ్వాల మగ్గం మీద దారం మోసే నాడెలా ఇటూ అటూ ఆడింది. ఆమె పట్టుదలకు మనసులోనే దండం పెట్టాను. మా మేనత్త కూడా అన్నిసార్లు వద్దనదు.

అటు తోపుడు ఆగిపోయింది. గెలిచానని విఠల్ వైపు చూశాను. ఆమె ఫోన్ చేయడానికి వెళ్ళిందని కాసేపటికి పోలీసు బండి వచ్చి ఆగాక తెలిసింది.

తాటిచెట్టంత మనిషి దిగాడు. "ఏం అమ్ముతున్నరు?"

"అమ్ముతలేం సార్. ఇస్తున్నం."

"ఆమె అడిగిందా?"

"అడగలే. అడిగినంక ఇచ్చుడు గొప్పగాదు గద సార్."

ఆయన టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. వయసులో పెద్దవాడు, మా కోసం మంచులో పడి వచ్చాడు. నా చేయి దానంతట అదే సంచిలోకి పోయింది. "మీరు గూడ ఒకటి తీస్కోండ్రి."

ఆయన మొహం రంగు మారింది. "నాకు లంచమిస్తున్నవా?"

"లంచం గాదు సార్, తువ్వాల."

"వద్దు."

ఆ వద్దు నాకు బాగా తెలిసిన వద్దు. వెంటనే మునివేళ్ళ మీద లేచి తువ్వాల ఆయన భుజాల మీద కప్పాను. విఠల్ రెండు చేతులతో తల పట్టుకొని మంచులోనే కూర్చున్నాడు.

ఆయన నా జబ్బ పట్టుకొని "నడువు ఠాణాకు" అన్నాడు. అప్పటికిగాని నాకు భయం పుట్టలేదు. విదేశంలో జైలు, ఊళ్ళో బాపుకు ఆ కబురు, అంతా కళ్ళ ముందు కదిలింది. విఠల్ ఒక్కడే నిబ్బరంగా "పోదాం పా. ఠాణల వెచ్చగుంటది" అన్నాడు.

అంతలో తలుపు బార్లా తెరుచుకుంది. మిసెస్ బెన్సన్ కోటు కప్పుకొని మెట్ల మీదికి వచ్చింది.

"జల్దీ తీస్కపో అయ్యా వీళ్ళను" అంది పోలీసుతో. "ఇండియా నుంచి ఇద్దరు పిల్లలు నా ఇంటికి వచ్చే యాళ్ళయింది. మస్తు మర్యాదస్తులని మా తమ్ముడు చెప్పిండు. గుమ్మంల గీ మూటలోళ్ళను చూస్తె బెదిరి వాపస్ పోతరు."

విఠల్ మంచులోంచి లేచాడు. మంకీ క్యాపు పీకేశాడు. మా ఒప్పందం తెంచేసి మొదటిసారి ఇంగ్లీషు మాట్లాడాడు: "అమ్మా, గా మర్యాదస్తులం మేమే."

ఆ పోలీసాయన నా జబ్బ వదిలి, భుజాన తువ్వాలతో మెట్ల మీద కూలబడి, కడుపు పట్టుకొని నవ్వడం మొదలుపెట్టాడు.

"మరి తలుపు కొట్టంగనే పేరు చెప్పద్దా?" అంది ఆమె.

"మీరు అడగలేదమ్మా."

"ఇంటి ముందటికి వచ్చినోన్ని నువ్వెవనివని అడుగుడు మర్యాద గాదు గదా" అంది.

లోపలికి తీసుకుపోయి, పొయ్యి పక్కన కూర్చోబెట్టి, వేడి వేడి అన్నం, కూర పెట్టింది. మొదటి ముద్దకే నాకు ఏడుపొచ్చింది. కూర కారంగా ఉందని చెప్పాను. అందులో కారమే లేదు.

ఆ పళ్ళెం ముందే ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట ఏ గడప తొక్కినా ముందు పేరు, తర్వాతే తక్కినవన్నీ.

తర్వాతి ఊరు డెన్వర్. మా పంతులు గారి స్నేహితుడి ఇల్లు. తలుపు సగం తెరుచుకోగానే అందుకున్నాను: "నా పేరు రాజేశం, మా బాపు లచ్చయ్య, మాది సిరిసిల్ల, కరీంనగర్ జిల్లా. వీడు విఠల్, ఆదిలాబాదోడు. మీ ఇంట్ల రెండు దినాలుంటం. ఏం అమ్ముతలేం." ఆ పెద్దమనిషి శ్రద్ధగా విన్నాడు. సంచులు దింపించాడు, కాఫీ ఇచ్చాడు, విఠల్ బూట్లు విప్పి కాళ్ళు చాచుకునేదాకా ఆగాడు. ఆ తర్వాత మెల్లగా అన్నాడు: "మీరు పోవాల్సింది పక్కింటికి. మీరొస్తున్నరని ఆయన చెప్పిండు. చలిల వచ్చిండ్రని కూసోవెట్టిన."

కాబట్టి ఆ ఒట్టుకు చిన్న సవరణ చేసుకున్నాను. ఈ జన్మలోనూ, రాబోయే జన్మల్లోనూ, ముందు ఇంటి నంబరు, తర్వాత పేరు, ఆ తర్వాతే మర్యాద. సూర్యచంద్రులు సాక్షి. విఠల్ కూడా సాక్షే గానీ, నేను ఒట్టు పెడుతున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నాడు గనుక వాడి సాక్ష్యం చెల్లదు.