ఆఫీసరు మెచ్చిన కాలవ

ఒక వీధిని ముంచడానికి వరదే రానక్కర్లేదు, నాలాంటి కార్యదర్శి ఒక్కడు చాలు. ఎలాగో చెబుతాను, మీరు హాయిగా నవ్వుకోండి. ఆ రోజు నాకు మాత్రం ముచ్చెమటలు పట్టాయి.

మాది బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో ఖరిదా పేట. వీధి నిండా రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరైన శ్రీకాకుళం కుటుంబాలే. మా బుల్లి కాలవ ఎప్పుడూ పూడిపోయి ఉండేది. గట్టిగా వాన పడితే ఆ మురికంతా ఎదురింటి అప్పలనరసమ్మ పిన్ని వంటింట్లోకే. పెద్ద కాలవ కట్టించమని అర్జీల మీద అర్జీలు పెట్టగా, రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసరు స్వయంగా చూడటానికి వస్తానన్నారు. అప్పుడు వీధి సంఘానికి నేనే కార్యదర్శిని. వయసు తక్కువ, హడావుడి ఎక్కువ.

ఆఫీసరు అనగానే నా గుండెల్లో రాయి పడింది. మరి మేం రైల్వే పిల్లలం. ఇన్‌స్పెక్షనంటే బోల్టుకి కూడా తలంటు పోయాల్సిందే అని నాన్న చెబుతుంటే విని పెరిగాం.

"పిన్నీ, ఈ కంపు సూస్తే ఆయన మనల్నే తిడతాడు. పరువు పోద్ది!"

"అవున్రా బావూ! ఇనిస్పెక్షనంటే మీ బాబాయి సర్వీసంతా సున్నాలే కొట్టినాడు. పద, పద!"

వీధంతా కదిలింది. పూడిక తీశాం, ఫినాయిల్ పోశాం, గట్టుకి సున్నం కొట్టాం. పిన్ని కాలవ పక్కన పద్మాల ముగ్గు కూడా పెట్టింది. మా కాలవ పెళ్లికూతురైపోయింది.

మర్నాడు ఆఫీసరు జీపు దిగి అటూ ఇటూ చూశారు. "సమస్య ఎక్కడ?" అని బెంగాలీలో అడిగారు.

చూపిద్దామని వేలెత్తాను. వేలి చివర ముగ్గు. అప్పటికి గాని నా ఘనకార్యం నాకు తెలిసిరాలేదు.

"ఇక్కడే సార్... భరించలేని కంపు..."

ఆయన వంగి వాసన పీల్చారు. "ఫినాయిల్! ఖూబ్ భాలో!" అంటూ చాలా బాగుందని మెచ్చుకున్నారు.

పిన్ని నా డొక్కలో పొడిచింది. "నోరు పడిపోనాదేట్రా? నీళ్లు కదలవని సెప్పు!"

"నీళ్లు అస్సలు కదలవు సార్, చూడండి!" అంటూ బకెట్ నీళ్లు కుమ్మరించాను. 'తల్లీ, ఈ ఒక్కపూటకి నిలబడవే' అని మనసులో మొక్కుకున్నాను. అవి గలగలా పారి మలుపు తిరిగి మాయమైపోయాయి.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. మేం అడిగాం గానీ, మూతి తుడుచుకుని మరీ అడిగాం.

"ఇదంతా ఎవరు చేయించారు?" అన్నారు ఆఫీసరు.

వీధి వీధంతా ఒక్క అడుగు వెనక్కి వేసింది. ముందు నేనొక్కణ్ణే మిగిలాను. ఇక జైలే అనుకున్నాను. ఆయన నా భుజం తట్టారు.

"శభాష్! మీకు కొత్త కాలవ ఎందుకు? ముందు ఆ పక్క ఇందా పేట వాళ్లకి కట్టిద్దాం. ఎలా ఉంచుకోవాలో మీ వీధిని చూపించి నేర్పుతాను!"

జీపు వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి వీధి మొహం చూసే ధైర్యం లేక, అటునుంచటే ఇంట్లో దూరి గడియ పెట్టుకున్నాను.

నెల తిరక్కుండానే కాలవ మళ్లీ పూడింది, వానా పడింది. తలుపు దబదబా మోగింది. తీస్తే పిన్ని! చీర మోకాళ్లదాకా ఎగదోపి, చేతిలో తడి చీపురుతో నిలబడింది.

"కార్యదర్శి గారూ! ఆఫీసరు మెచ్చిన కాలవ మా పొయ్యిలోకొచ్చినాది. ఇనిస్పెక్షనుకి దయసెయ్యండి!"

ఆ చీపురు సాక్షిగా అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. ఇక ఈ జన్మలో ఆఫీసరు వస్తున్నాడంటే చీపురు ముట్టను గాక ముట్టను. వీధి మరీ శుభ్రంగా కనిపిస్తే, పక్క వీధి నుంచి చెత్త అరువు తెచ్చయినా పోస్తాను.