మా నాయన అని అరిచిన రోజు

మా నాన్న బీహార్ నుంచి వచ్చి పటాన్‌చెరులో ఇనుప కడ్డీల ఫ్యాక్టరీలో చేరాడు. దాని వెనక కిరాయి గదిలోనే నేను పుట్టాను. గడప బయట ఏ భాషైనా మాట్లాడుకోవచ్చు, లోపల మాత్రం భోజ్‌పురి ఒక్కటే. నోరు జారి తెలుగు వచ్చిందంటే చెంప పగిలేది. ఏడో తరగతిలో, ఊరి నుంచి ఫోన్ చేసిన నానమ్మకు తెలుగులో జవాబిచ్చానని బెల్టుతో కొట్టాడు.

"నా తల్లికి నువ్వు పరాయిదానివైతే, నేను ఆ కొలిమి దగ్గర ఎవరి కోసం మాడుతున్నాను?" అని కొడుతూనే అడిగాడు.

నాకు పదిహేనేళ్లప్పుడు, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు ఉత్తరాది నుంచి దిగాయని ఫోన్లలో వీడియోలు తిరిగాయి. ఒక ఆదివారం పొద్దున నాన్నా నేనూ గుమ్మడిదల దాటాక ఉన్న ఒక ఊరికి వెళ్లాం. అక్కడ మందుల ఫ్యాక్టరీలో పనిచేసే మా బీహార్ ఊరాయనకు జబ్బు చేసిందని తెలిసి, చూడబోయాం. నేను దుకాణంలో అరటిపండ్లు కొంటుంటే, నాన్న వీధిలో ఆడుకుంటున్న ఒక పాపను హిందీలో దారి అడిగాడు. పాప బెదిరి ఏడ్చింది.

నేను వెనక్కి తిరిగేసరికి నాన్న నేల మీద ఉన్నాడు.

"పిల్లలను ఎత్తుకపోయెటోడు! ఇడువకుర్రి!"

కర్రలు, చెప్పులు, ఒకడి చేతిలో సైకిల్ చైను. నేను జనంలోకి దూరాను. ఎవరిదో మోచేయి తగిలి పెదవి చిట్లింది.

"కొట్టకుర్రి! గాయన మా నాయన! పటాన్‌చెరుల ఫ్యాక్టరీల పనిజేస్తడు!"

ఒకడు నా జుట్టు పట్టుకుని లాగాడు. "గీ పోరికి తెలుగు గూడ నేర్పి తెచ్చిండు సూడు. ఏయ్, నీ బిడ్డనే అయితే తెలుగుల మాట్లాడురా!"

నాన్న నోరు తెరిచాడు. ముందు రక్తం వచ్చింది. తర్వాత, "నా... బిడ్డ" అన్నాడు. ఆ రెండు మాటలూ వంకరగానే పలికాయి. వాళ్లు నవ్వారు. నవ్వుతూనే మళ్లీ తన్నారు. ఒక బూటుకాలు ఆయన చెవి మీద పడింది.

అప్పుడొక ముసలామె కొడవలితో జనాన్ని తోసుకుంటూ వచ్చి నాన్నకు అడ్డం నిలబడింది.

"నాకెర్కే గీయన. మా అక్క ఇంట్ల కిరాయికుంటడు. ఇగ ఎవడన్న ముట్టుకుంటే నరుకుత!"

ఆమెను మేము అంతకుముందు ఎన్నడూ చూడలేదు. జనం వెనక్కి తగ్గాక నాన్నను లేపి, మమ్మల్ని ఆటో దాకా తీసుకొచ్చి, "జల్దీ తీస్కపో బిడ్డా" అంది.

నాన్నకు కుట్లు పడ్డాయి. ఎడమ చెవికి వినికిడి పోయింది. ఆ తర్వాత ఆయన నన్ను ఎప్పుడూ కొట్టలేదు. చాలా నెలలు నా ముఖం కూడా చూడలేదు.

నాకు కూతురు పుట్టాక, దానికి భోజ్‌పురి ఒక్క ముక్క నేర్పలేదు. రోడ్డు మీద దాని నోట ఆ భాష వింటే ఎవడు ఏం చేస్తాడోనని నా భయం. పోయిన ఏడు నాన్న దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఏదో అడిగితే, అది నా వైపు చూసి, "తాత ఏమంటుండమ్మా?" అంది. నాన్న విసిరిన స్టీలు గ్లాసు గోడకు తగిలి సొట్టపోయింది. పాప కెవ్వున ఏడ్చింది.

"వాళ్లు కొట్టి వదిలేశారు. మిగిలింది నువ్వు పూర్తిచేశావు" అన్నాడు నాతో.

నేను కూడా అరిచాను. నా వీపు మీద బెల్టు పడిన సంగతి, జుట్టు పట్టి లాగిన సంగతి, అన్నీ అరిచాను. ఆయన వినే చెవి నా వైపు తిప్పి, అడ్డు చెప్పకుండా చివరిదాకా విన్నాడు.

మరుసటి వారం నుంచి పాపను స్కూలు నుంచి ఆయనే తీసుకొస్తున్నాడు. దారి పొడుగునా దానితో భోజ్‌పురిలో మాట్లాడతాడు, గొంతు తగ్గించకుండా. నేను వద్దనలేదు. సెలవు దొరికిన రోజు వాళ్ల వెనకాలే నడుస్తూ, ఎదురొచ్చే ఒక్కొక్కరి చేతుల వైపు చూస్తుంటాను.