ఉప్పు గుర్రం మీంచి పడ్డ రోజు

మా చిన్నప్పుడు ఉప్పు గుర్రమెక్కి వచ్చేది...

మాది భద్రాచలం వైపు చర్ల దాటాక అడవి అంచున ఒక ఊరు. అక్కడిదాకా అప్పుడప్పుడు బస్సు వచ్చేది. ఆ పైన రోడ్డు లేదు, వాగులే. మా నాన్న చర్ల సంతలో కల్లుప్పు కొని, గుర్రం మీద వేసుకుని లోపలి గూడేలకు తీసుకెళ్ళేవాడు. అక్కడివాళ్ళు ఉప్పుకు బదులు ఎండిన ఇప్పపువ్వో, చింతపండో కొలిచి ఇచ్చేవాళ్ళు. వాగులు పొంగాయంటే నెలల తరబడి రాకపోకలు బంద్. అందుకే వానలకు ముందే ప్రతి ఇంట్లో ఉప్పుకుండ నిండాలి.

మా గుర్రం పేరు బంగారి. పొట్టిది, మొండిది... అచ్చం నాలాగే అనేది అమ్మ. జీను అంటే తోలు జీను అనుకునేరు! గోనెపట్టాలో వరిగడ్డి కూరి నాన్నే కుట్టాడు. దానికి అటొక సంచి, ఇటొక సంచి, మధ్యలో నేను. నాకు సరిగ్గా నడక రాకముందు నుంచే నాన్న నన్ను దాని మీద కూర్చోబెట్టేవాడట.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, నాకు పదమూడేళ్ళప్పుడు, సరిగ్గా వానల ముందు నాన్నకు మలేరియా వచ్చింది. భద్రాచలం దవాఖానా నుంచి తీసుకొచ్చాక కూడా మంచం దిగలేకపోయాడు. ఉప్పు బస్తాలు అరుగు మీద అలాగే ఉన్నాయి. పెదనాన్న వచ్చి కూర్చున్నాడు.

"నువ్వు లేవకపోతివి. గుర్రాన్ని నడిపేటోడు లేడు. సంతల అమ్మేద్దాం తమ్మీ" అన్నాడు.

"నేనున్న గద" అన్నాను.

పెదనాన్న నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. "ఆడపిల్లవు, నీతోని ఏమైతది బిడ్డా?"

నాన్న నావైపు చూశాడు. "ఒక్కసారి పోనియ్యి అన్నా. దానితోని కాకపోతే వచ్చే సంతకు నువ్వన్నట్టే చేద్దాం" అన్నాడు. అంటే నేను ఓడిపోతే బంగారి పరాయివాళ్ళ పాలన్నమాట... ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

తెల్లారి బయలుదేరేటప్పుడు నాన్న ఒకటే మాట పదిసార్లు చెప్పాడు. "ఇటొక మానిక ఉప్పు తీస్తే అటొక మానిక తియ్యి. మర్వకు." తల ఊపాను. నా వెనక పెదనాన్న సైకిల్ నడిపించుకుంటూ వచ్చాడు, సాయానికి కాదు, చూడడానికి.

మొదటి గూడెంలో ఆడవాళ్ళంతా ఎడమ పక్కనే చుట్టుముట్టారు. నా చేతిలో ఉప్పు కొలిచే మానిక, అందరి కళ్ళూ నా మీదే... ఆ సంబరంలో నాన్న మాట ఎగిరిపోయింది. వాళ్ళు అడిగినకొద్దీ ఎడమ సంచిలోంచే తీసి పోశాను. చివరికి ఎడమ పక్క చారెడు ఉప్పు, కాసిని ఇప్పపూలు. కుడి పక్క నిండు బస్తా. పెదనాన్న చూస్తూనే ఉన్నాడు, ఒక్క మాట చెప్పలేదు. నేనేమో దర్జాగా గుర్రమెక్కాను.

వాగులోకి దిగే ఏటవాలులో జీను కుడివైపు తిరిగిపోయింది. బంగారి ఆగింది, నేను ఆగలేదు... రాళ్ళ మీద పడ్డాను. మోచేయి చెక్కుకుపోయింది, పెదవి చిట్లింది. సంచి మూతి ఊడి నాలుగైదు మానికల ఉప్పు నీళ్ళపాలైంది.

పెదనాన్న తాపీగా సైకిల్ స్టాండ్ వేసి వచ్చి బంగారి తాడు పట్టుకున్నాడు. "నేను చెప్పలే? లే, నడువు. ఇంటికి పోదాం."

ఏడుపొచ్చింది. నొప్పికి కాదు, కోపానికి. లేచి ఆ తాడు ఆయన చేతిలోంచి లాక్కున్నాను.

"ఇంక రెండు గూడేలు ఉన్నయ్ పెదనాయినా."

"మల్ల పడ్తవ్."

"పడ్త. పడ్తే మల్ల ఎక్కుత."

జీను విప్పాను. మిగిలిన ఉప్పు రెండు సంచుల్లోకి సమంగా దోసిళ్ళతో ఎత్తాను. చెక్కుకుపోయిన మోచేతికి ఉప్పు తగిలి ప్రాణం పోయినంత పనైంది... అయినా ఆయన ముందు అబ్బా అనలేదు. పొట్ట కింద తాడు పళ్ళతో పట్టి బిగించాను. ఎక్కడానికి పెదనాన్న చెయ్యి ఇవ్వలేదు, నేనూ అడగలేదు. బంగారిని ఒక బండరాయి దగ్గరికి తీసుకెళ్ళాను. రెండుసార్లు అది పక్కకు జరిగింది. పాపం, దానికీ భయమేసింది. మెడ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాను. మూడోసారి ఎక్కాను.

చివరి గూడెంలో ఒక అవ్వ ఖాళీ ఉప్పుకుండ పట్టుకుని ఎదురొచ్చింది. "నాయిన ఏడి?" అంది.

"జరమొచ్చింది అవ్వా. నేను తెచ్చిన."

నా పెదవి చూసింది. "పడ్డవా?"

"అవ్."

అవ్వ కుండ నా ముందు పెట్టింది. ఇటొక మానిక, అటొక మానిక... కుండ నింపాను.

పొద్దుగూకేసరికి ఇల్లు చేరాం. నేను సంచులు దించేలోపే పెదనాన్న మంచం దగ్గరికి వెళ్ళి, "పడ్డది తమ్మీ" అన్నాడు.

నాన్న లేవడానికి కూడా ఓపిక లేని మనిషి, మోచేతి మీద ఒత్తిగిలి అడిగాడు. "పడ్డంక ఏం చేసింది?"

పెదనాన్న "మల్ల ఎక్కింది" అన్నాడు నేల చూస్తూ.

"అయితే గుర్రం ఉంటది" అన్నాడు నాన్న.

ఉంది. ఇంకో ఆరేళ్ళు. ముసలిదై మా పాకలోనే కన్ను మూసింది బంగారి. అమ్మకానికి మాత్రం సంత ముఖం చూడలేదు.

ఇప్పుడు ఆ వాగు మీద వంతెన పడింది. ఆటోలో ప్యాకెట్ ఉప్పు వస్తోంది. బురద పోయిందని ఏడ్చే రకం కాదు నేను. ఆ రోడ్డు రావాల్సిందే, ఇంకా ముందే రావాల్సింది. కానీ ఇప్పుడు మా ఊళ్ళో పిల్ల కాలు జారిందంటే చాలు, లేపడానికి పదిమంది పరిగెడుతున్నారు... తనంతట తాను లేవడానికి కాస్త సమయం కూడా ఇవ్వడం లేదు.

మీరు దేని మీంచి పడ్డారు? గుర్రమో, సైకిలో, చెట్టో... సిగ్గుపడకుండా రాయండి. పక్కన నిలబడి చూసినవాళ్ళ గురించి కూడా రాయండి, వాళ్ళను మాత్రం వదలొద్దు.